ముల్లు దెబ్బ కిందికి రాదు

సర్జన్లకు రోగుల ముఖాలు గుర్తుంటాయి. మందులిచ్చే వైద్యులకు వాళ్ళు చెప్పుకున్న బాధలు గుర్తుంటాయి. మా పాథాలజీ వాళ్ళకు గుర్తుండేది గాజుపలక మీద గులాబీ, ఊదా రంగుల్లో పరుచుకున్న, గోరంతైనా లేని ఒక శరీర శకలం. గుంటూరులో ఒక ఆసుపత్రి ప్రయోగశాలలో నా ఉద్యోగమంతా ఆ శకలాలను చూస్తూ గడిచింది. చాలామంది రోగులను నేను ఎప్పుడూ చూడలేదు. ఎదురుపడినా వాళ్ళ లివరును గుర్తుపట్టగలిగేదాన్నేమో గాని వాళ్ళను కాదు. ఈ ఒక్క కేసులో మాత్రం శకలంతో పాటు మనిషి కూడా గుర్తుండిపోయింది. ఆ మనిషి వదినగారు మరీను.

మైక్రోస్కోపు ముందు కొత్తగా కూర్చుంటున్న మీకు దీన్ని చెప్పడంలో నీతిబోధ చేసే ఉద్దేశం నాకు లేదు. ఇందులో నీతి ఉన్నదనడానికి నాకే ఇంతవరకు తగిన ఆధారం దొరకలేదు.

ఆ రోగిది చిలకలూరిపేట అవతల ఒక పల్లె. మిరపకోతలకు ఆడకూలీలను జట్టుగా కట్టుకుని ఆటోలో తీసుకువెళ్ళే ముఠా మేస్త్రి. రైతు ఫోను చేసేది ఆమెకే, జట్టు ఎక్కడికి వెళ్ళాలో చెప్పేదీ ఆమే. ఆ పెత్తనం ఆమెకు ఎవరూ కట్టబెట్టింది కాదు. సాళ్ళలో అందరికన్నా ముందు నడిచే చెయ్యి ఆమెది కాబట్టి మిగిలినవాళ్ళు వెనక నడిచారు. కోతలో బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య తొడిమను పట్టి, కొమ్మ విరగకుండా కాయను మాత్రమే తుంచాలి. ఇప్పుడు ఆమె కుడిచేతి చూపుడువేలు నడిమి కణుపు దగ్గర ఉబ్బి, వంగడం మానేసింది. ఎక్స్‌రేలో ఎముక అంచు కొరికినట్టు కనిపించింది. మరోచోట చిన్న ముక్క తీసి పరీక్షించి, టీబీ అని మందులు మొదలుపెట్టారు. ఆమె ఒక్క పూట కూడా తప్పకుండా నెలల తరబడి మింగింది. వాపు తన పని తాను చేసుకుపోయింది.

మా ఆసుపత్రి సర్జన్ గారు నాకన్నా వయసులో కొంచెం చిన్న, నమ్మకంలో చాలా పెద్ద. ఆయన మళ్ళీ ఒక ముక్క తీసి మాకు పంపించి, ఫలితం రాకముందే నిర్ణయానికి వచ్చేశారు. ఇది మొండి టీబీ అయినా కావాలి, ముక్కలో దొరక్కుండా దాక్కున్న ఎముక కణితి అయినా కావాలి. ఎటు చూసినా వంగని, నొప్పి పెట్టే వేలు ఉండి ప్రయోజనం లేదు కాబట్టి మర్నాడు ఉదయం తీసేయడం. ఇదంతా ఆయన మా గది గుమ్మంలో నిలబడి చెప్పారు.

"ఆమె ఒప్పుకుందా?" అని అడిగాను.

"ఒప్పుకోవడమా! నన్నే తొందరపెడుతోంది. పండుమిరప కోతలు మొదలయ్యేలోగా పుండు మానాలట. మీరు రిపోర్టు త్వరగా ఇవ్వండి మేడమ్. మీకు మామూలుగా ఉండే సందేహాలన్నీ ఈసారికి పక్కనపెట్టి."

నా సందేహాలకు ఆసుపత్రిలో మంచి పేరే ఉండేది. ఒకసారి క్యాంటీనులో ఇడ్లీ మెత్తగా ఉందని ఎవరో అంటే "దేనితో పోలిస్తే?" అని నేను అడిగానని ఒక కథ ప్రచారంలో ఉంది. ఆ కథకు సాక్షులెవరూ లేరని నేను ఎన్నిసార్లు చెప్పినా, అదే రుజువుగా చూపించి నవ్వేవాళ్ళు.

ఆ ముక్కను ముందుగా చూసింది నా జూనియర్. తెలివైన అమ్మాయి, చురుకైనది, తీర్పు చెప్పడంలో కొంచెం తొందర. "గ్రాన్యులోమా ఉంది మేడమ్. లాంగ్‌హాన్స్ జెయింట్ సెల్స్ కూడా ఉన్నాయి. టీబీయే" అని పలకను నా ముందు పెట్టింది.

గ్రాన్యులోమా అంటే, శరీరం తాను చంపలేక, అరిగించుకోలేక, అలాగని వదిలేయనూ లేక ఒకదాని చుట్టూ వేసే ముట్టడి. ముందుగా రక్తంలో తిరిగే మోనోసైట్లు అక్కడికి దిగి మాక్రోఫేజ్‌లుగా మారతాయి. వీటి వృత్తి తినడం. తినలేనిది ఎదురైనప్పుడు వీటిలో కొన్ని రూపం మార్చుకుని, చెప్పు అడుగులాంటి పొడవాటి కేంద్రకంతో, అంచులు ఒకదానిలో ఒకటి కలిసిపోయినట్టు ఒత్తుగా సర్దుకుంటాయి. వీటినే ఎపిథెలియాయిడ్ కణాలు అంటాం. ఇవి తినడం తగ్గించి, పక్క కణాలకు రసాయన సందేశాలు పంపడం పెంచుతాయి. ఉద్యోగం నుంచి దిగిన నాబోటి వాళ్ళు చేసే పనే. మరికొన్ని ఒకదానితో ఒకటి కలిసిపోయి, అనేక కేంద్రకాలున్న ఒకే పెద్ద కణంగా, అంటే జెయింట్ సెల్‌గా మారతాయి.

దీన్ని విద్యార్థులకు చెప్పేటప్పుడు నేను హైవే మీద ఒరిగిన పత్తి లారీని ఉదాహరణగా తీసుకునేదాన్ని. లారీకి భుజం ఆనించి నెట్టేవాళ్ళు మాక్రోఫేజ్‌లు. చేతులు కలిపి ఒకే మనిషిలా నెట్టేవాళ్ళు జెయింట్ సెల్స్. వెలుపల వలయంగా నిలబడి "ఎడమకి, ఎడమకి" అని అరిచేవాళ్ళు లింఫోసైట్లు. చివరికి ఇక లాభం లేదని చుట్టూ తాడు కట్టి దారి మళ్ళించేవాళ్ళు ఫైబ్రోబ్లాస్టులు. ఈ ఉదాహరణలో ఒక లోపం ఉంది: రోడ్డు మీద అరిచేవాళ్ళ వల్ల లారీ కదలదు గాని, టీబీలో లింఫోసైట్ల సందేశం లేకపోతే మాక్రోఫేజ్‌లు ఏమీ చేయలేవు. ఉదాహరణలను మరీ నమ్మకండి, నావైనా సరే.

లారీ చుట్టూ మూగిన జనాన్ని దూరం నుంచి చూసినవాడికి, మధ్యలో ఉన్నది లారీయా, ఎడ్లబండా, ఎద్దా అన్నది తెలియదు. గుంపు ఉందని మాత్రమే తెలుస్తుంది. మన ప్రాంతంలో ఆ గుంపు కనబడగానే టీబీ అనేయడం అలవాటు. ఆ అలవాటు చాలాసార్లు నిజమే అవుతుంది. ప్రమాదమంతా అక్కడే ఉంది.

"మధ్యలో కణజాలం చచ్చి జున్నులాగా అయిన చోటు ఏదమ్మా?" అని అడిగాను.

"లేదు మేడమ్. కానీ లాంగ్‌హాన్స్ కణాలు... కేంద్రకాలు గుర్రపు నాడా ఆకారంలో..."

"కొన్నింటిలో నాడాలాగా ఉన్నాయి. కొన్నింటిలో చింతగింజలు పోసినట్టు చెల్లాచెదురుగా ఉన్నాయి. నాడా ఉంటే టీబీ, చెల్లాచెదురైతే బయటి వస్తువు అన్నది పరీక్షలో మార్కులకు పనికొస్తుంది. కణాలు ఆ పుస్తకం చదవలేదు."

టీబీ క్రిమి కోసం వేసిన రంగులో ఏమీ కనబడలేదు. జన్యు పరీక్షలో కూడా లేదన్నారు. శిలీంధ్రాల కోసం చేసిన పరీక్షా అంతే. కనబడకపోవడం లేదనడానికి రుజువు కాదని నేను అన్నప్పుడు మా జూనియర్ అమ్మాయి ముఖం చిన్నబోయింది. అటు ఉందన్నా ఒప్పుకోను, ఇటు లేదన్నా ఒప్పుకోను. నాలాంటి పై అధికారి దగ్గర పనిచేయడం ఎంత కష్టమో నాకు తెలుసు. నాకు ఆ అవస్థ పట్టలేదంతే.

అయినా ఆమె ఊరుకునే మనిషి కాదు. మధ్యాహ్నం భోజనమైన తర్వాత, వాళ్ళాయన బండి మీద పెట్టుకునే కూలింగ్ గ్లాసులను రెండుగా విరిచి, ఒక అద్దాన్ని దీపం మీద, ఇంకొకదాన్ని పలక మీద పెట్టి తిప్పింది. ఆ రకం అద్దాలు కాంతిని ఒక దిశలో మాత్రమే పోనిస్తాయి. రెండింటినీ అడ్డంగా తిప్పితే పలకంతా చీకటవుతుంది. మొక్కలకు సంబంధించిన నార ఏదైనా ఉంటే అది మాత్రం ఆ చీకట్లో మెరుస్తుంది. మెరిసింది. ఫొటో తీసి మా వాట్సాప్ గ్రూపులో పెట్టి, పక్కన చప్పట్ల బొమ్మలు తనే పెట్టుకుంది.

"మొక్క నార మేడమ్! బయటి వస్తువు! టీబీ కాదు!"

నేను పలకను చూశాను. రిబ్బనును మెలిపెట్టినట్టున్న సన్నని పోగు, చక్కగా మెరుస్తోంది. కణాల మీదికి ఫోకస్ తిప్పితే పోగు మసకబారింది. పోగు మీదికి తిప్పితే కణాలు మసకబారాయి.

"ఇది కణాలలో లేదు, కణాల మీద ఉంది" అన్నాను. "దూది. పలకను ఏమి పెట్టి తుడిచారు?"

జిన్నింగు మిల్లుల మధ్య బతికే వాళ్ళం. పత్తి రోజుల్లో ఇక్కడ దూది పోగు పడనిది ఏదైనా ఉందా? మా కాఫీలో పడుతుంది, కనురెప్పల మీద పడుతుంది. దూది పోగు దొరికిందని రోగం తేల్చడం మొదలుపెడితే, ఈ జిల్లాల్లో అందరి రోగమూ పత్తే అవుతుంది. ఆ శకలాన్ని పొదిగిన మైనపు దిమ్మ నుంచి కొత్తగా ఇంకో పొర కోయించి చూస్తే, పోగు మాయమైంది.

"కూలింగ్ గ్లాసులు పోయాయి, కేసూ పోయింది" అంది మా అమ్మాయి.

"ఆలోచన మంచిదే. చోటు తప్పు. దిమ్మను ఇంకా లోతుగా, వరసగా కోయించు. ప్రతి పొరా దాచు. నేను వార్డుకు వెళ్ళివస్తాను."

పాథాలజిస్టు వార్డుకు రావడం అరుదు. నన్ను చూసి నర్సు, ఎవరైనా పోయారా అన్నట్టు మంచాలన్నీ ఒకసారి కలయజూసింది.

మేస్త్రి మంచం మీద కూర్చుని ఎడమచేత్తో ఫోను పట్టుకుని, ఎవరినో కేకలేస్తోంది. "ఒసేయ్, నేను చచ్చిపోయానా ఏంది? పచ్చికాయ కోతకి రెండు వారాలాగండని చెప్పు రైతుకి!" నన్ను చూసి ఫోను పెట్టేసింది. మంచం పక్కన స్టూలు మీద ఆమె వదిన. తెల్లచీర, నిటారుగా కూర్చోవడం, న్యాయమూర్తి చూపు.

"వేలికి ఎప్పుడైనా దెబ్బ తగిలిందా అమ్మా?" అని అడిగాను.

"లేదండీ. వచ్చినోళ్ళందరూ ఇదే మాట. ఏ దెబ్బా తగల్లా."

"తలుపు సందులో పడటం, కొడవలి గీసుకోవడం?"

"ఊహూఁ."

నిజానికి నేను కూడా అందరూ అడిగిందే అడిగి తిరిగి రావలసింది. కానీ మెలికల దూది పోగు ఇంకా కళ్ళలో ఉంది. "పోనీ, ముల్లు?" అన్నాను.

వదినా మరదళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకుని నవ్వడం మొదలుపెట్టారు. పక్క మంచం ఆవిడ కూడా నవ్వింది.

"ముల్లు దెబ్బేందండీ అమ్మగారూ! అది కూడా దెబ్బ కిందికొస్తే మేము పొలం పోయేదెప్పుడు, ఈడ పడుకునేదెప్పుడు?"

"అంటే, గుచ్చుకుందా?"

"గుచ్చుకోకుండా ఎట్టుంటదండీ? పోయినేడు కల్లం చుట్టూ తుమ్మకంప కొట్టేటప్పుడు దిగింది. మా వదినే తీసింది."

మిరపకాయలు ఆరబోసిన కల్లంలోకి గొడ్లు రాకుండా చుట్టూ తుమ్మకంప వేస్తారు. ఆ కంపను చేతులతో లాగి సర్దుతారు. ఇన్నాళ్ళుగా ఇంతమంది వైద్యులు దెబ్బ తగిలిందా అని అడిగారు. ఆమె నిజాయితీగా లేదని చెప్పింది. అడిగినవాళ్ళదీ తప్పు కాదు, చెప్పినామెదీ తప్పు కాదు. ముల్లు ఆమె లెక్కలో వాతావరణంలో ఒక భాగం.

"మొత్తం వచ్చిందా?" అని వదినగారిని అడిగాను.

ఆవిడ స్టూలు మీద ఇంకొంచెం నిటారు అయింది. "రాకేం? ప్రార్థన చేసుకుని, జిల్లేడు పాలు పోసి గుడ్డ కట్టా. తెల్లారి పిన్నీసుతో కదిపితే మొత్తం ఊడొచ్చింది. ఈ కళ్ళతో చూశా."

"కొస కూడా చూశారా?"

"ముల్లుకి కొస కాకుండా ఇంకేముంటదండీ?"

"ఊళ్ళో ఎవరికి దిగినా మా వదినేనండీ" అంది ఆమె. "పాస్టరుగారి కాల్లో ముల్లు కూడా ఈమే తీసింది. ఒక్కళ్ళు కూడా మిగిలిపోయిందని తిరిగి రాలా."

మిగిలిపోయినవాళ్ళు తిరిగి రాకుండా వేరే చోటికి వెళ్ళి ఉండవచ్చుగదా అన్న సందేహం నా నాలుక చివరిదాకా వచ్చింది. జిల్లేడు పాలు చర్మాన్ని పుండు చేస్తాయనీ, కంట్లో పడితే చూపుకే ముప్పు అనీ మాత్రం చెప్పాను. పిన్నీసును మంటలో కాల్చే వాడతానని ఆవిడ నాకు హామీ ఇచ్చింది. నేను అడగని విషయం మీద.

లేవబోతూ ఆమెను అడిగాను. "వేలు తీసేయాలని నీకు నిజంగా ఉందా?"

ఈసారి ఆమె నవ్వలేదు. ఉబ్బిన వేలిని ఎడమచేత్తో మూసి పట్టుకుంది. "ఎవరికుంటదండీ అమ్మగారూ? ఈ వేలు పెట్టే నేను మేస్త్రినయ్యా. కానీ ఒక్క కోతకి నేను లేకపోతే ముఠా చెదిరిపోయిద్ది. మళ్ళీ కట్టే ఓపిక నాకు లేదు. నడిమేలుతో తుంచడం నేర్చుకుంటాలే అనుకున్నా."

ప్రయోగశాలకు తిరిగి వచ్చాక, వార్డులో విన్న ముల్లు కథను మా అమ్మాయికి చెప్పలేదు. చెబితే ఆమెకు ప్రతి పొరలోనూ ముల్లే కనబడుతుంది, నాకూ అంతే. అందుకే నేను కళ్ళు పెట్టకుండా ఆమెనే చూడమన్నాను. పొర తరవాత పొర. తరవాత ఆమె కుర్చీ ముందుకు జరిగిన చప్పుడైంది.

"మేడమ్... నేను ఏమీ అననులెండి. మీరే చూడండి."

"ఏమి కనబడుతోందో చెప్పు. పేరు పెట్టకు."

"గోధుమరంగు ముక్క. లోపల చిన్న చిన్న గదులు, తేనెపట్టులాగా, దళసరి గోడలు. చుట్టూ జెయింట్ సెల్స్ అతుక్కుని ఉన్నాయి. ఒక కొస కణం లోపలే ఉంది. ఫోకస్ రెండింటికీ ఒకటే. పక్క పొరలోనూ ఉంది, ఆ పక్క పొరలోనూ ఉంది."

చూశాను. ఆ కణాలు ఏడాదిగా చెబుతున్నది అదే. ఏ కణమూ దాన్ని అరిగించుకోలేకపోయింది, ఏదీ వదిలిపెట్టలేదు. ఇప్పుడు మా అమ్మాయికి ముల్లు సంగతి చెప్పాను. చప్పట్ల బొమ్మలు ఈసారి నేను పెట్టాను. గ్రూపులో నా నుంచి అలాంటిది రావడం చూసి, నా ఫోను ఎవరో దొంగిలించారా అని ఒకరు అడిగారు.

మర్నాడు ఉదయం సర్జన్ గారు చేతులు కడుక్కోబోతుండగా పట్టుకున్నాను. అప్పటికే అల్ట్రాసౌండు చేయించాం. రేడియాలజిస్టు గారు "ఉండవచ్చు, లేకపోవచ్చు, లక్షణాలతో సరిపోల్చుకోగలరు" అన్నారు. ఆ శాఖ వారు ఏ కాలంలోనైనా అనగలిగిన వాక్యం అది.

"ఈ ముక్కలో ఉన్నది రవ్వంతే. మిగిలింది లోపల ఉండి ఉండాలి. వేలు తీయకుండా, తెరిచి వెతకండి" అన్నాను.

"దొరక్కపోతే?"

"దొరకలేదని రాస్తాను."

"లోకంలో మీరు గట్టిగా నమ్మేది ఒక్కటైనా ఉందా మేడమ్?"

"ఉంది. ఇవాళ ఉంచిన వేలిని రేపు తీయవచ్చు. ఇవాళ తీసినదాన్ని రేపు పెట్టలేం."

ఆయన ఆమె దగ్గరకు వెళ్ళి, పద్ధతి మారుతుందనీ, వెతికినా దొరక్కపోతే మరో ఆలోచన చేయాల్సి ఉంటుందనీ విడమరిచి చెప్పారు. ఆమె తల ఊపింది. వదినగారు మాత్రం, "వెతుక్కోండి సారూ, ఏమీ ఉండదు" అంది.

ఆపరేషన్ గదిలో నేను ఒక మూల నిలబడ్డాను. సర్జన్ మీద నమ్మకం లేక కాదు, నా మీద. ఆయన చాలాసేపు వెతికారు. మెత్తని, గులాబీరంగు కణజాలం తప్ప ఏమీ రావడం లేదు. "మేడమ్ గారూ, బయట ఎవరినైనా పంపించి ఒక ముల్లు తెప్పించమంటారా? మీకు చూపించాలి కదా" అన్నారు. గదిలో అందరూ నవ్వారు, నేను నవ్వలేదు. ఆ క్షణంలో నన్ను పట్టుకున్నది, తేనెపట్టు గదులు కూడా మరో రకం దూది పోగేమోనన్న అనుమానం.

తరవాత ఆయన నవ్వు ఆపారు. చిన్న పట్టకారును కణుపు పక్కకు, ఎముకలో కొరికినట్టున్న చోటికి పోనిచ్చి, నెమ్మదిగా బయటికి తీశారు. నల్లగా, మిరపగింజకన్నా కాస్త పొడవుగా, ఒకవైపు సూదిలాంటి మొన. ఆయన దాన్ని కట్టుగుడ్డ మీద పెట్టి, నా వైపు చూడకుండా, "పాథాలజీకి పంపించండి" అన్నారు. ఆయన నోట అంతకన్నా పెద్ద పొగడ్త నేను వినలేదు.

ముల్లు దొరికినంత మాత్రాన టీబీ లేదని కాదని నేను అక్కడే గుర్తుచేశాను. ముల్లూ టీబీ ఒకే వేలిలో ఉండకూడదన్న చట్టమేదీ లేదు. ఆ కణజాలాన్ని క్రిములు పెరుగుతాయేమో చూడటానికి కల్చరుకు పంపించాం. అది వారాల పని. అప్పటిదాకా మందుల సంగతి టీబీ వైద్యుల చేతిలో పెట్టి, తుది రిపోర్టు ఆపాను.

కల్చరులో ఏమీ పెరగలేదని తెలిసేటప్పటికి పండు కోతలు దగ్గరపడ్డాయి. మందులు ఆపేశారు. వదినా మరదళ్ళు రిపోర్టు కోసం మా గదికే వచ్చారు. వేలు పూర్తిగా వంగడం లేదు గాని, వంగుతోంది. ముల్లు కొసను సీసాలో దాచి ఉంచాం. మా అమ్మాయి దాన్ని వదినగారి ముందు పెట్టింది, కొంచెం గర్వంగానే.

వదినగారు సీసాను కిటికీ వెలుతురులోకి ఎత్తి, అటు తిప్పి ఇటు తిప్పి చూసింది. కింద పెట్టింది.

"ఇది వేరే ముల్లు" అంది.

"అదేమిటండీ?" మా అమ్మాయి నోరు తెరిచింది. "అదే వేలు, అదే చోటు!"

"ఆ వేలికి ముల్లు ఒక్కటే దిగుద్దా? నేను తీసింది నేను తీశా. ఇదెప్పుడు దిగిందో ఏమో."

అటుగా వెళుతూ సర్జన్ గారు లోపలికి తొంగిచూశారు. "పెద్దమ్మా, తీసినవాణ్ణి నేను చెబుతున్నాను..."

"మీరు తీసింది మీరు చూశారు సారూ. నేను తీసింది నేను చూశా. రెండూ చూసినోళ్ళెవరన్నా ఉన్నారా?"

ఆయన నా వైపు చూశారు. మా అమ్మాయి నా వైపు చూసింది. తుది రిపోర్టు నా ముందే ఉంది. అందులో మా అమ్మాయి రాసిన మాట, "గత ఏడాది గుచ్చుకుని, పూర్తిగా రాక మిగిలిపోయిన ముల్లు." నేను కలం తీసి ఆ మాట కొట్టేసి, "ముల్లు కొస" అని మాత్రం ఉంచాను.

"మేడమ్! ఆవిడ మాట మీద రిపోర్టు మారుస్తారా?"

"ఆవిడ మాట మీద కాదమ్మా. మన దగ్గర రుజువు లేదు."

"చూశావా, డాక్టరమ్మగారే ఒప్పుకున్నారు!" వదినగారు మరదలి భుజం మీద ఒక్కటి చరిచింది. ఆ సాయంత్రానికే ఆ మాట ఊరు చేరి ఉంటుంది. జిల్లేడు పాలకు గుంటూరు డాక్టర్ల ఆమోదం దొరికిందని నా వల్ల ఎంతమంది నమ్మారో నేను లెక్కతీయలేదు.

మేస్త్రి ఈ గొడవలో తలదూర్చలేదు. ఫోను మోగుతోంది, రైతు అయి ఉంటాడు. ఎడమచేత్తో ఫోను చెవికి పెట్టుకుని, "వస్తన్నా, రేపొద్దున ఆటో పంపించు" అంటూ, నేను చాచిన కాగితాన్ని కుడిచేత్తో అందుకుంది. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య, తొడిమను పట్టినట్టు.